సభలో మాట్లాడటం, ప్రెజెంటేషన్ ఇవ్వడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ సెమినార్లు, ఆఫీసు రివ్యూలు, పదవీ విరమణ సభలు, కాలనీ సంఘం సమావేశాలు దగ్గరపడినప్పుడల్లా ఇవే సందేహాలు వస్తుంటాయి. దేనికి దాని జవాబు విడిగా పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోట మొదలుపెట్టి చదవచ్చు.

## భయం, బెరుకు

స్టేజీ ఎక్కాలంటేనే గుండె దడ. ఈ భయం ఎప్పటికైనా పోతుందా?

పూర్తిగా పోదు. పోకపోయినా బాగా మాట్లాడవచ్చు. అంతమంది కళ్ళు ఒక్కసారిగా మన మీద పడగానే శరీరం దాన్ని ఆపదగా లెక్కగట్టి అడ్రినలిన్ విడుదల చేస్తుంది. గుండె వేగం, అరచేతుల చెమట, కాళ్ళ వణుకు, నోరు ఎండిపోవడం అన్నీ దాని వల్లే. చాలామందికి ఈ ఉధృతి మొదటి ఒకటి రెండు నిమిషాల్లో ఎక్కువగా ఉండి తరవాత దిగిపోతుంది. అందుకే మొదటి నాలుగైదు వాక్యాలు నిద్రలో లేపి అడిగినా వచ్చేంతగా నోటికి అలవాటు చేసుకోవాలి. ఆలోచన పనిచేయని ఆ నిమిషాన్ని అలవాటు దాటిస్తుంది. ఇంకో సంగతి: మీ గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటున్నా మూడో వరుసలో కూర్చున్న మనిషికి అది కనబడదు.

నేను పుట్టుకతోనే మొహమాటస్తుణ్ణి. నాలాంటివాళ్ళకు ఇది వస్తుందా?

వస్తుంది. నలుగురిలో కబుర్లు చెప్పడం వేరు, సిద్ధమై వచ్చి చెప్పడం వేరు. రెండోదానికి కావలసింది ఓపిక, సాధన. మొహమాటస్తుల్లోనూ అవి ఉంటాయి. అయితే ఒకేసారి పెద్ద సభకు ఒప్పుకోకండి. క్లాసులోనో మీటింగులోనో లేచి ఒక ప్రశ్న అడగడంతో మొదలుపెట్టండి. తరవాత ఒక ప్రకటన చదవండి. ఆ పైన అతిథిని పరిచయం చేయడం, రెండు నిమిషాల వందన సమర్పణ, అయిదు నిమిషాల ప్రసంగం. వందన సమర్పణను చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, కొత్తవాళ్ళకు అంత మంచి అవకాశం ఇంకోటి లేదు. చెప్పాల్సినది ముందే తెలుసు, నిడివి తక్కువ, వినేవాళ్ళు సద్భావంతో ఉంటారు. పేర్లు, హోదాలు మాత్రం నిర్వాహకులను అడిగి రాసుకుని, పలకడం కూడా సరిచూసుకోండి.

ఊపిరి వ్యాయామం నిజంగా పనిచేస్తుందా? నాకు చేస్తే తల తిరిగింది.

గబగబా పెద్ద పెద్ద శ్వాసలు తీస్తే తల తిరుగుతుంది, వేళ్ళు చిమచిమలాడతాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోవడమే దానికి కారణం. నెమ్మదిగా చేయండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. పీల్చినప్పుడు పొట్ట ముందుకు రావాలి, భుజాలు పైకి లేవకూడదు. రెండు మూడు నిమిషాలు చాలు. ఊపిరి వదిలే సమయం పెరిగితే గుండె వేగం నిదానిస్తుంది. మీ పేరు పిలవడానికి ముందు కుర్చీలో కూర్చునే, ఎవరికీ తెలియకుండా చేయవచ్చు.

వణుకు తగ్గడానికి మాత్రలున్నాయట కదా, వేసుకోవచ్చా?

ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లను, అంటే గుండె వేగాన్ని తగ్గించే మందులను, కొందరు డాక్టర్లు ఇలాంటి సందర్భాలకు రాస్తారు. ఆస్తమా ఉన్నవాళ్ళకు, గుండె వేగం సహజంగానే తక్కువగా ఉన్నవాళ్ళకు అవి ప్రమాదం. స్నేహితుడి చీటీ చూపించి కొనుక్కోవద్దు. మాట్లాడాల్సి వస్తుందన్న భయంతో పరీక్షలు, ఉద్యోగాలు వదులుకునే స్థితి ఉంటే సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. దానికి మంచి చికిత్స ఉంది.

## విషయం సిద్ధం చేసుకునేటప్పుడు

టాపిక్ ఇచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పవర్‌పాయింట్ తెరవకండి. ముందు ఒక కాగితం మీద ఈ వాక్యం పూర్తి చేయండి: “నా మాట విన్నాక వీళ్ళు ఫలానా పని చేయాలి, లేదా ఫలానా సంగతి గుర్తుంచుకోవాలి.” “నీటి పొదుపు ప్రాముఖ్యం” అని రాస్తే ఎక్కడికీ వెళ్ళలేరు. “మన అపార్ట్‌మెంట్లో ఈ వానాకాలం లోపు ఇంకుడు గుంత తవ్వించాలి” అని రాస్తే దారి దొరుకుతుంది. ఎందుకు, ఎక్కడ, ఎంత ఖర్చు, ఎవరు చేయాలి అన్న విభాగాలు వాటంతట అవే పుడతాయి. ఆ వాక్యానికి పనికిరాని సమాచారం ఎంత కష్టపడి సేకరించినా పక్కన పెట్టేయాలి. ప్రశ్నల సమయంలో అది అక్కరకు రావచ్చు.

పది నిమిషాల్లో ఎంత చెప్పగలను?

రెండు అంశాలు హాయిగా, మూడు బిగుతుగా. పది నిమిషాలిస్తే ఎనిమిదికి సిద్ధం చేయండి. మైకు సర్దుకోవడం, చప్పట్లు, ఒక వాక్యం మళ్ళీ చెప్పడం మిగతా రెండు నిమిషాలనూ తినేస్తాయి. నిమిషానికి 130 నుంచి 150 పదాలు అని చెప్పే లెక్క ఇంగ్లీషుకు సంబంధించినది, తెలుగుకు నప్పదు. “చెప్పుకోవాల్సివచ్చినందుకు” అన్న ఒక్క పదం ఇంగ్లీషులో నాలుగైదు పదాలవుతుంది. మీ వేగం మీరే కొలుచుకోండి. మీరు రాసుకున్న దాంట్లో ఒక పేజీని మామూలు వేగంతో, నిలబడి, గట్టిగా చదివి ఫోన్‌లో సమయం చూస్తే లెక్క తేలిపోతుంది.

మొదటి వాక్యం ఏం చెప్పాలి?

తెలుగు సభల్లో సంబోధన మర్యాద. దాన్ని వదలొద్దు, సాగదీయొద్దు. “సభాధ్యక్షులకు, ముఖ్య అతిథి గారికి, పెద్దలకు, మిత్రులకు నమస్కారం” అంటే పది సెకన్లలో అయిపోతుంది. వేదిక మీద పదిమంది ఉంటే పదిమంది పేర్లూ చదవడం స్వాగతం చెప్పేవారి పని, ప్రతి వక్తదీ కాదు. ఆ వెంటనే విషయంలోకి దూకండి: ఒక లెక్క, ఒక చిన్న సంఘటన, చేతిలో ఒక వస్తువు, చేతులెత్తి జవాబు చెప్పగల ఒక ప్రశ్న. వేమన పద్యమో సుమతీ శతక పద్యమో తప్పు లేకుండా వస్తే, అది మీ విషయానికి అతికితే, అంతకన్నా మంచి ఎత్తుగడ లేదు. అతకని పద్యం మాత్రం అలంకారంగానే మిగిలిపోతుంది.

“నాకు మాట్లాడటం రాదు, తప్పులుంటే క్షమించండి” అని మాత్రం మొదలుపెట్టకండి. వినయం అనుకుని చెప్తారు. కానీ ఆ మాట వినగానే జనం తప్పులు వెతకడం మొదలుపెడతారు.

మొత్తం బట్టీ పట్టాలా, కాగితం చూసి చదవాలా?

రెండూ వద్దు. బట్టీ పట్టినవాళ్ళు ఒక పదం జారితే ఆ తరవాతదంతా పోగొట్టుకుంటారు. చూసి చదివేవాళ్ళ గొంతు ఒకే స్థాయిలో ఉండిపోతుంది, తల ఎత్తితే వరుస తప్పుతుంది. మధ్యే మార్గం ఇది: మొదటి నాలుగైదు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా రావాలి. నడుమ భాగానికి పోస్టుకార్డంత అట్టముక్క మీద ఏడెనిమిది మాటలు, అంకెలు, పేర్లు పెద్దక్షరాలతో రాసుకోండి. అట్టముక్కే ఎందుకంటే, పలచటి కాగితం చేతి వణుకును పదింతలు చేసి చూపిస్తుంది. ఒకటికి మించితే మూలలో అంకెలు వేయండి, కిందపడ్డా క్రమం తప్పదు. సంతాప తీర్మానం, చట్టపరమైన ప్రకటన లాంటివి మాత్రం చూసే చదవాలి. అక్కడ ఒక్క మాట మారినా ఇబ్బంది.

పుస్తకాల భాషలో మాట్లాడాలా? మా యాస వింటే నవ్వుతారేమో.

మీరు ఇంట్లో పెద్దవాళ్ళతో మర్యాదగా మాట్లాడే భాషే సభలోనూ సరిపోతుంది. “తెలియజేయునది ఏమనగా” అని మొదలుపెట్టినవాళ్ళు మూడో వాక్యానికి ఆ కట్టు నిలబెట్టుకోలేక వాడుకలోకి జారతారు, ఆ అతుకు వినేవాళ్ళకు తెలిసిపోతుంది. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం. ఇంత జరిగాక కూడా శ్రీకాకుళం యాసకో, సీమ యాసకో, తెలంగాణ యాసకో సిగ్గుపడి ఇంకెవరి గొంతో అరువు తెచ్చుకోవడం బాధాకరం. పైగా సాధనపరంగానూ నష్టమే: యాసను దాచుకునే పనిలో మనసు సగం పోతుంది, విషయానికి సగమే మిగులుతుంది. వేరే జిల్లా వాళ్ళకు తెలియని మాట వస్తే వెంటనే ఇంకో మాటలో చెప్పి ముందుకు సాగండి, చాలు.

తెలుగు మీడియంలో చదివాను. సెమినార్ ఇంగ్లీషులోనే ఇవ్వాలంటున్నారు.

విషయాన్ని ముందు తెలుగులో ఒక స్నేహితుడికి వివరించండి. అక్కడ తడబడితే సమస్య ఇంగ్లీషుది కాదు, విషయం ఇంకా అర్థం కావాలి. అక్కడ సాఫీగా సాగితే, పది పన్నెండు పదాలు దాటని చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాసుకోండి. తెలుగులో ఆలోచించిన పొడుగాటి వాక్యాన్ని ఇంగ్లీషులోకి మారుస్తూ పోతే క్రియ ఎక్కడ పెట్టాలో తెలియక మధ్యలో చిక్కుకుంటారు.

మీ సబ్జెక్టులో తప్పనిసరిగా వచ్చే ఇరవై పదాల జాబితా రాసి, ఆన్‌లైన్ నిఘంటువులో స్పీకర్ గుర్తు నొక్కి వినండి. ఇంగ్లీషు పదంలో ఏదో ఒక చోటే ఒత్తు గట్టిగా పడుతుంది, మనం అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతాం. “ఫోటోగ్రాఫర్”లో ఒత్తు “టో” మీద, “డెవలప్”లో “వె” మీద. ఈ ఇరవై సరిగ్గా పలికితే మిగతా ఉచ్చారణను ఎవరూ పట్టించుకోరు. మాట దొరక్కపోతే “లెట్ మీ పుట్ ఇట్ అనదర్ వే” అని తేలికైన మాటల్లో మళ్ళీ చెప్పండి. ఈ వాక్యాన్ని కూడా ముందే నోటికి తెచ్చుకోండి.

## సాధన

అద్దం ముందు సాధన చేస్తే చాలా?

అద్దం ముందు మన దృష్టంతా ముఖం మీదే ఉంటుంది, విషయం వెనక్కి పోతుంది. ఫోన్ కెమెరా పెట్టి, నిలబడి, సభలో ఎంత గట్టిగా చెప్తారో అంత గట్టిగా చెప్పండి. తరవాత మూడుసార్లు చూడండి. మొదట చూడకుండా వినండి, వేగం, సాగదీతలు తెలుస్తాయి. రెండోసారి శబ్దం ఆపేసి చూడండి, చేతులు, ఊగడం, నేలచూపులు బయటపడతాయి. మూడోసారి మామూలుగా. ప్రతిసారీ ఒకే ఒక్క లోపం ఎంచుకుని దాన్నే దిద్దుకోండి. మనసులో చదువుకోవడాన్ని సాధన కింద లెక్కవేయొద్దు, కళ్ళు సులువుగా దాటేసిన మాట దగ్గర నోరు ఆగిపోతుంది. పది నిమిషాల ప్రసంగానికి అయిదారుసార్లు పూర్తిగా చెప్పుకోవడం అవసరం. ముందురోజు రాత్రి అన్నీ ఒకేసారి కాకుండా మూడు నాలుగు రోజులకు పంచుకోండి.

“అంటే”, “ఏంటంటే”, “సో”, “యాక్చువల్‌గా” అని ఊరికే వచ్చేస్తున్నాయి. ఎలా మాన్పించాలి?

తరవాతి మాట కోసం వెతుకుతున్నప్పుడు నిశ్శబ్దం భరించలేక ఈ ఊతపదాలు వేస్తాం. వాటిని ఆపడానికి ప్రయత్నించకండి, వాటి చోట నోరు మూసి ఊపిరి పీల్చండి. నోరు మూసి ఉంటే “ఆఁ...” రాదు. మాట్లాడేవారికి యుగంలా అనిపించే రెండు సెకన్ల విరామం వినేవారికి మామూలుగానే ఉంటుంది. రోజూ ఏదో ఒక విషయం మీద ఒక నిమిషం రికార్డు చేసి ఊతపదాలు లెక్కపెట్టండి. సున్నాకు తేవాలని పట్టుబట్టనక్కర్లేదు.

నా గొంతు చిన్నది. వెనక వాళ్ళకు వినబడటం లేదంటారు.

చాలామందికి అసలు సమస్య గొంతు చిన్నది కావడం కాదు, వాక్యం చివర గొంతు దిగిపోవడం. ఇంగ్లీషు వక్తలకన్నా మనకు ఇది ఎక్కువ ప్రమాదం. తెలుగులో క్రియ వాక్యం చివరే వస్తుంది. “ఈ మందు పరగడుపున వేసుకోవచ్చు”, “ఈ మందు పరగడుపున వేసుకోకూడదు” అన్న రెండు వాక్యాలకూ తేడా ఆఖరి మాటే. అది మింగేస్తే అర్థమే తలకిందులు. కాబట్టి ప్రతి వాక్యంలో ఆఖరి మాటను ఒక మెట్టు పైన పలకడం సాధన చేయండి. వాక్యానికి ముందు ఊపిరి నింపుకోండి, నోరు రెండు వేళ్ళు పట్టేంత తెరవండి. మాట్లాడే రోజు పొద్దున పెదవులు మూసి “మ్...” అని రెండు మూడు నిమిషాలు సన్నగా కూనిరాగం తీస్తే గొంతు వదులవుతుంది. గొంతు సవరించుకుంటూ ఉండటం మంచిది కాదు, నీళ్ళు గుటక వేయండి.

ప్రాక్టీసుకు వినేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

సభలో మాట్లాడటం సాధన చేసుకోవడానికే ఉన్న టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు మంచి చోటు. రాల్ఫ్ స్మెడ్లీ 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో మొదలుపెట్టిన సంస్థ ఇది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో క్లబ్బులున్నాయి. సిద్ధమై వచ్చి చెప్పే ప్రసంగం సాధారణంగా 5 నుంచి 7 నిమిషాలు, అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద మాట్లాడటం 1 నుంచి 2 నిమిషాలు. సమయాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో చూపిస్తారు, ఊతపదాలు లెక్కపెట్టడానికి ఒకరు ప్రత్యేకంగా ఉంటారు. ముందు అతిథిగా వెళ్ళి చూసి, నచ్చితే చేరండి. దగ్గర్లో క్లబ్బు లేకపోతే నలుగురు స్నేహితులు వారానికొకసారి కూర్చుని ఇదే పద్ధతి పాటించవచ్చు.

## స్లైడ్లు

ఎన్ని స్లైడ్లు పెట్టాలి, ఒక్కోదాంట్లో ఎంత రాయాలి?

అంకె కన్నా పరీక్ష ముఖ్యం: స్లైడ్ చూసి మీరు లేకుండానే అంతా అర్థమైపోతే అందులో రాత ఎక్కువైంది. ఒక స్లైడ్‌కు ఒక సంగతి. శీర్షిక స్థానంలో “ఫలితాలు” అని కాకుండా “రెండో పద్ధతిలో విద్యుత్ ఖర్చు తగ్గింది” అని పూర్తి వాక్యం రాయండి. అక్షరాలు 28 పాయింట్లకు తగ్గొద్దు. పట్టిక మొత్తం ఎక్సెల్ నుంచి తెచ్చి అతికించొద్దు, మీరు మాట్లాడబోయే రెండు మూడు అంకెలు తీసి పెద్దగా పెట్టండి.

మా కంప్యూటర్లో బాగున్న తెలుగు అక్షరాలు కాలేజీ కంప్యూటర్లో గజిబిజి అయిపోయాయి.

అను ఫాంట్ల లాంటి పాత ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. అవి ఆ కంప్యూటర్లో లేకపోతే వింత గుర్తులు కనిపిస్తాయి. అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్‌లోనే టైపు చేయండి. విండోస్‌లో నిర్మలా యూఐ ఫాంట్ ముందే ఉంటుంది. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. వీటిని వాడితే పవర్‌పాయింట్ సేవ్ ఆప్షన్లలో ఫాంట్‌ను ఫైల్లోనే పొదిగే ఏర్పాటు ఎంచుకోండి. దాంతోపాటు పీడీఎఫ్ ప్రతి ఒకటి తప్పనిసరిగా తీసుకెళ్ళండి, ఇంకేం చెడినా అది చెడదు. తెలుగుకు వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకన్నా కాస్త ఎక్కువ ఉంచాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తగులుతాయి.

## ఆ రోజు, వేదిక ఎక్కే ముందు

ఎంత ముందు వెళ్ళాలి, ఏమేం చూసుకోవాలి?

కనీసం అరగంట ముందు. ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్ ఉందా, పాతరకం వీజీఏ కేబుల్ ఉందా చూడండి, వీజీఏ అయితే చాలా కొత్త ల్యాప్‌టాప్‌లకు కన్వర్టర్ కావాలి. తెర రాకపోతే విండోస్ మీట, పి కలిపి నొక్కి “డూప్లికేట్” ఎంచుకోండి. ఫైలు పెన్‌డ్రైవ్‌లోనూ ఈమెయిల్లోనూ ఉండాలి. వెనక వరుసలో కూర్చుని మీ స్లైడ్ చదవగలరేమో చూడండి. ల్యాప్‌టాప్‌లో వాట్సాప్, ఇతర నోటిఫికేషన్లు ఆపేయండి.

ఏం తినాలి, ఏం తాగాలి?

గంటన్నర ముందు తేలికగా ఇడ్లీయో అరటిపండో. బిర్యానీ, మిర్చి బజ్జీ తిని ఎక్కితే త్రేన్పులు, గొంతులో మంట. కాఫీ, టీ గుండెదడను పెంచవచ్చు, రోజూ తాగేదాని కన్నా ఎక్కువ తాగకండి. గోరువెచ్చని నీళ్ళు దగ్గర పెట్టుకోండి.

మైకు పట్టుకుంటే కీచుమంటుంది, లేదా నా మాటే వినబడదు.

చేతి మైకును నోటికి మూడు నాలుగు వేళ్ళ దూరంలో, గడ్డం కింది నుంచి ఏటవాలుగా పట్టండి. ఎదురుగా పెడితే ప, ఫ, బ, భ అక్షరాల దగ్గర గాలి తగిలి “ఠప్” మంటుంది. పైనున్న జాలీని గుప్పిట్లో పట్టుకుంటే శబ్దం బండబారుతుంది, కీచుధ్వని మొదలవుతుంది. సౌండ్ బాక్సు ముందుకు నడిచినా అంతే. తల తిప్పితే మైకూ తలతోపాటు తిరగాలి. కాలర్ మైకు అయితే గడ్డానికి జానెడు కింద పెట్టి, దానికి గొలుసు, ఐడీ కార్డు, చున్నీ రాసుకోకుండా సర్దుకోండి. పనిచేస్తోందో లేదో చూడటానికి ఊదొద్దు, తట్టొద్దు. మామూలుగా “నమస్కారం” అనండి.

## మాట్లాడుతున్నప్పుడు

చేతులు ఏం చేయాలో తెలియదు.

పక్కకు వదిలేయండి. మొదట్లో వింతగా ఉంటుంది, చూసేవాళ్ళకు ఉండదు. పరిమాణం, వరుస, పోలిక చెప్పేటప్పుడు అవే లేస్తాయి. ప్యాంటు జేబులో నాణేలు, తాళాలు ఉంటే ముందే తీసేయండి.

ఎవరివైపు చూడాలి?

తలల పైనుంచి గోడను చూడమనే సలహా పాతది, పనికిరాదు. గదిని ఎడమ, మధ్య, కుడి భాగాలు చేసుకుని, ఒక్కో భాగంలో ఒక్కరిని చూస్తూ ఒక వాక్యం పూర్తిగా చెప్పండి. వాక్యం అయ్యాకే చూపు మార్చండి. పెద్ద హాల్లో ఆ మనిషి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తమనే చూస్తున్నట్టు ఉంటుంది. తెరవైపు తిరిగి స్లైడ్ చదవడం మాత్రం మాట్లాడేవారికీ వినేవారికీ మధ్య ఉన్న దారిని తెంచేస్తుంది.

మధ్యలో మర్చిపోతే?

ఆగండి. నీళ్ళు తాగండి. చివరిగా చెప్పిన వాక్యాన్ని ఇంకోలా మళ్ళీ చెప్పండి, చాలాసార్లు దాని వెనకే తరవాతిది వస్తుంది. రాకపోతే అట్టముక్క చూడండి, చూసినందుకు క్షమాపణ అక్కర్లేదు. అదీ అందకపోతే తరవాతి అంశానికి వెళ్ళిపోండి. మీరు ఏం వదిలేశారో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

కరెంటు పోయింది, ప్రొజెక్టర్ ఆగిపోయింది. ఇప్పుడు?

బాగుచేసేదాకా అందరినీ కూర్చోబెట్టకండి. ఒక నిమిషంలో రాకపోతే మాటలతోనే కొనసాగించండి. దీనికోసం సాధనలో ఒకసారి స్లైడ్లు లేకుండా చెప్పి చూసుకోవాలి. మైకు కూడా పోతే రెండడుగులు ముందుకొచ్చి, వేగం తగ్గించి చెప్పండి.

నా ముందువాళ్ళు సమయమంతా తినేశారు. పదిహేను నిమిషాలకు సిద్ధమైతే అయిదే ఇచ్చారు.

వేగం పెంచొద్దు, విషయం తగ్గించండి. నమస్కారం, అతి ముఖ్యమైన ఒక్క అంశం, దానికి ఒక ఉదాహరణ, ముగింపు. పవర్‌పాయింట్‌లో స్లైడ్ అంకె కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికే వెళ్తుంది, అందరి ముందూ స్లైడ్లు పరుగులు పెట్టించనక్కర్లేదు. ముఖ్యమైన స్లైడ్ల అంకెలు అట్టముక్క మీద రాసి ఉంచుకోండి.

జూమ్‌లోనో గూగుల్ మీట్‌లోనో ఇవ్వాలంటే ఏం మారుతుంది?

కెమెరా కళ్ళ ఎత్తులో ఉండాలి, ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెడితే సరి. వెలుతురు ముఖం మీద పడాలి, కిటికీ వెనక ఉంటే మీరు నీడలా కనిపిస్తారు. తెర మీది ముఖాలను కాకుండా కెమెరాను చూస్తూ చెప్పండి. ఇయర్‌ఫోన్ మైకు వాడితే గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది. ఎదుటివాళ్ళ ముఖాలు కనబడవు కాబట్టి మూడు నాలుగు నిమిషాలకోసారి చాట్‌లో జవాబిచ్చే చిన్న ప్రశ్న అడగండి.

## ప్రశ్నలు, ఆ తరవాత

తెలియని ప్రశ్న అడిగితే పరువు పోతుంది కదా?

తెలియనిది తెలిసినట్టు చెప్పి దొరికిపోతే పోతుంది. ప్రశ్నను పూర్తిగా విని, అందరికీ వినబడేలా మళ్ళీ చెప్పండి, ఆలోచించే సమయమూ దొరుకుతుంది. “ఈ భాగం నేను పరిశీలించలేదు. ఇంతవరకు చూసినదాన్నిబట్టి ఇది చెప్పగలను” అని తెలిసినంత చెప్పండి. “కనుక్కుని చెప్తాను” అంటే పేరు, నంబరు రాసుకుని నిజంగానే చెప్పండి. గైడ్‌నో మేనేజర్‌నో సాధనలో కూర్చోబెట్టి మిమ్మల్ని ఇబ్బంది పెట్టే పది ప్రశ్నలు అడిగించుకుంటే, అసలు రోజున వచ్చేవాటిలో చాలావరకు అందులోనే ఉంటాయి.

“ఎలా మాట్లాడాను?” అంటే అందరూ “బాగుంది” అంటారు. నిజం ఎలా తెలుసుకోవాలి?

ఆ ప్రశ్న అడిగితే ఆ జవాబే వస్తుంది. ముందే ఇద్దరికి పని అప్పగించండి: ఒకరు సమయం, ఊతపదాలు చూడాలి, ఇంకొకరు ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ ధ్యాస తప్పిందో రాసుకోవాలి. సభ తరవాత “నేను చెప్పినదాంట్లో నీకు గుర్తున్న ఒక్క సంగతి ఏంటి?” అని మూడో మనిషిని అడగండి. మీరు కాగితం మీద రాసుకున్న వాక్యానికి దగ్గరగా జవాబు వస్తే చేరిందన్నమాట. రాకపోతే ఆ వాక్యాన్ని ఈసారి ప్రసంగంలో ఇంకా ముందుకు తెచ్చి, చివర మరోసారి చెప్పండి.